రెండు రాత్రుల బుకింగ్, ఒక్క రాత్రి బస: రామప్ప దగ్గరి ఒక రిసార్ట్ కేసు

రామప్ప గుడికి కొద్ది దూరంలో, ఊరు దాటాక చెరువు కింద, పదకొండు కాటేజీల చిన్న రిసార్ట్ ఒకటి ఉంది. ఓనర్‌ది హనుమకొండ. తన పేరు, రిసార్ట్ పేరు బయటపెట్టనన్న మాట మీద ఈ కేసు రాయడానికి ఒప్పుకున్నాడు. చిన్న హోటళ్లకు, లాడ్జిలకు, ఫామ్‌స్టేలకు రోజువారీ నడక చూసిపెట్టడం నా పని. 2025 మొదట్లో ఆయన ఫోన్ చేసి చెప్పిన మాట ఇది: "అన్నా, బుకింగులకు ఢోకా లేదు. జనం వస్తున్నరు. కానీ ఉంటలేరు."

రెండు రాత్రులకని శుక్రవారం సాయంత్రం దిగిన కుటుంబం శనివారం టిఫిన్ కాగానే బ్యాగులు సర్దుకుంటోంది. రెండో రాత్రి డబ్బు వాపస్ అడిగేవాళ్లు కొందరు. అడగకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. వాపస్ అడిగేవాళ్లతో ఓనర్‌కు తలనొప్పి, నాకు మాత్రం అడగనివాళ్ల మీదే అనుమానం. వీకెండు గది అద్దె ఆరున్నర వేలు. అంత డబ్బు నోరెత్తకుండా వదులుకున్నారంటే అది బోర్ కొట్టి వెళ్లడంలా లేదు.

ఓనర్ లెక్క వేరు. "చేయనీకి ఏం లేదంటున్నరు. స్విమ్మింగ్ పూల్ పెడితే ఆగుతరు" అని ఆయన అప్పటికే తేల్చుకున్నాడు. నిజం చెప్పాలంటే నన్ను పిలిచింది సమస్య కనుక్కోవడానికి కాదు, పూల్‌కు సరే అనిపించుకోవడానికి.

స్థలం, దాని చుట్టుపక్కల

హైదరాబాద్ నుంచి 163వ జాతీయ రహదారి మీద జనగామ, హనుమకొండ మీదుగా ములుగు దాకా సాఫీగా వచ్చేయొచ్చు. ములుగు పొలిమేరలో గట్టమ్మ గుడి దగ్గర బండ్లు ఆగుతాయి. మేడారం పోయేవాళ్లు ముందు గట్టమ్మకు మొక్కే కదులుతారు. ఆ తర్వాత జంగాలపల్లి క్రాస్ దగ్గర హైవే వదిలి, రామప్ప గుడి ఉన్న పాలంపేట దారి పట్టాలి. మొత్తం 200 కిలోమీటర్లకు అటూ ఇటూ. ములుగుకు రైలు లేదు. రైల్లో వచ్చేవాళ్లు కాజీపేటలోనో వరంగల్‌లోనో దిగి బండి మాట్లాడుకోవాల్సిందే.

2021 జులైలో రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక ఈ దారిలో భూములకు రెక్కలొచ్చాయి. ఇక్కడ రిసార్ట్ కడతామంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది భూమి కాగితాల గురించే. ములుగు జిల్లాలో చాలా భాగం ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోటు. అక్కడ 1/70 అనే భూ బదిలీ చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. "లీజుకు తీసుకుంటాం, బినామీ పెడతాం" అనేవాళ్లకు చాయ్ ఇచ్చి పంపిస్తాను. ఈ కేసులో స్థలం ఏజెన్సీ హద్దుకు ఇవతలే ఉంది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

రిసార్ట్ ప్రకటనల్లో డ్రోన్‌తో తీసిన ఫొటోలు వాడారు. చెరువు, దాని వెనక అడవి, మధ్యలో పెంకు కప్పుల కాటేజీలు. బొమ్మ బాగుంది. కానీ ఫొటో తీసినవాడు ఊరు పడకుండా జాగ్రత్తపడ్డాడు. ఊరు కిలోమీటరు దూరమే. రిసార్ట్‌కు ఒక పక్క మిర్చి, ఇంకో పక్క మక్కజొన్న. ప్రహరీ అవతల నుంచే పొలం గట్లు మొదలవుతాయి. ప్రకటనలో మాత్రం "మనిషి అలికిడి లేని చోటు" అని రాసుకున్నారు. అసలు తంటా మొదలైంది ఆ మాటతోనే.

రిజిస్టర్, నోటుబుక్కు

రివ్యూలు చదివి లాభం లేదని నా అనుభవం. ఇంటికెళ్లి తీరిగ్గా రివ్యూ రాసేవాళ్లకు అసలు కారణం చెప్పుకోవడం నామోషీ. ప్రకృతిలో గడపడానికి వెళ్లి భయపడి వచ్చామని ఎవరు రాస్తారు? "యాక్టివిటీస్ లేవు" అని రాసేస్తారు. ఓనర్ నమ్మింది ఆ మాటనే.

నేను రెండు చూశాను. ఒకటి చెకిన్ చెకౌట్ రిజిస్టర్. ముందుగా వెళ్లిపోయినవాళ్లు ఏ గదిలో దిగారు, ఏ నెలలో వచ్చారు అన్నది అందులో దొరుకుతుంది. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా, ఆ రోజు ఖాళీ చేసినవాళ్లను లెక్కలోంచి తీసేశాను. దానికి ఎవరూ బాధ్యులు కారు. మిగతావి చూస్తే మక్కజొన్న వైపున్న గదులే మళ్లీ మళ్లీ కనిపించాయి. అదీ సంక్రాంతి దాటాక, చేను కంకి వేసిన రోజుల్లో. చెరువు వైపు గదుల్లో ఉన్నవాళ్లు రెండో రాత్రి కూడా నిక్షేపంగా ఉన్నారు. రెండు వైపులా ఉన్నది అవే మంచాలు, అదే తిండి. చేయడానికి ఏమీ లేకపోవడం కూడా అందరికీ సమానమే. అలాంటప్పుడు పూల్ లేకపోవడం ఒక వైపు గదుల వాళ్లనే ఎందుకు తరిమేస్తుంది?

రెండోది సెక్యూరిటీ అన్న దగ్గరున్న పొడుగు నోటుబుక్కు. ఆయన ఊరివాడే, యాభై దాటిన మనిషి. రాత్రి ఇంటర్‌కమ్‌లో ఎవరు ఫోన్ చేసినా రాసిపెట్టమని ఎప్పుడో ఎవరో చెప్పారట, రాస్తూనే ఉన్నాడు. అది తెరిచి చూసినవాళ్లు లేరు. నీలం బాల్‌పెన్నుతో, ఒక్కో లైనూ ఒక్కో ఫోను:

"3 నంబరు. ఎవరో ఒర్రుతున్నరట. పోయి చూసిన. ఎవ్వరు లేరు."

"4 నంబరు. ఎవరో మనిషి పిలుస్తున్నడట. ఎవ్వరు లేరు అని చెప్పిన."

"3 నంబరు. మల్ల అదే."

పన్నెండు నుంచి మూడింటి మధ్య, ఇంచుమించు ఇవే మాటలతో పేజీల కొద్దీ ఉన్నాయి.

మూడో నంబరు గదిలో పడుకుంటే ఏమైంది

నేను మూడో నంబరే అడిగి తీసుకున్నాను. పదిన్నరకల్లా వంటగది సద్దుమణిగింది. అర్ధరాత్రి దాటాక మొదలైంది. ఒక మగ గొంతు, గట్టిగా, "హోయ్... హోయ్... హుర్రా..." అంటూ. తర్వాత కుక్కలు మొరిగాయి. ఆపైన డబ్బా మీద కర్రతో కొడుతున్న చప్పుడు. అంతా ఒక్కసారిగా ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ అదే గొంతు, అంతే పొడుగు, అదే వరసలో. ఊళ్లో పెరిగినవాడికి రెండోసారికి అర్థమైపోతుంది. కూకట్‌పల్లి నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చినవాళ్లకు ఎలా అర్థమవుతుంది?

అది అడవి పందుల మైకు. గొంతు రికార్డు చేసి పెట్టే చిన్న బ్యాటరీ మైకులు ఇప్పుడు బజార్లో చవకగా దొరుకుతున్నాయి. ఒకప్పుడు రైతు మంచె మీద కూర్చుని తెల్లార్లూ కేకలేసేవాడు. ఇప్పుడు తన గొంతే రికార్డు చేసి, మైకు కర్రకు కట్టి, ఇంటికెళ్లి పడుకుంటున్నాడు. కంకిలో గింజ పాలు పట్టే రోజుల్లో పందుల మంద ఒక్క రాత్రి దిగిందంటే చేను నేలమట్టమే.

పొద్దున సెక్యూరిటీ అన్నను అడిగాను, ఈ సంగతి గెస్టులకు ఎందుకు చెప్పలేదని.

"వాళ్లు మైకు అని అడగలే కద సార్. ఎవరో ఒర్రుతున్నరు అన్నరు. ఎవ్వరు లేరు, పండుకోండి అన్న."

ఆయన అబద్ధం ఆడలేదు. నిజంగానే అక్కడ ఎవరూ లేరు. కానీ చీకట్లో మనిషి గొంతు చెవులారా విన్నవాళ్లకు "అక్కడ ఎవ్వరూ లేరు" అని చెప్తే ఏమవుతుంది? మిగతా రాత్రంతా లైట్లు వేసుకుని కూర్చుంటారు. తెల్లారాక పిల్లలకు బాగాలేదనో, ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందనో చెప్పి బయల్దేరతారు. మనిషి అలికిడి లేని చోటని నమ్మించి తెచ్చాం కాబట్టి మనిషి గొంతు వినపడగానే గుండెలో రాయి పడుతుంది. పక్కనే ఊరుంది, చేలున్నాయి, రైతులు ఉంటారని ముందే చెప్పి ఉంటే ఇందులో భయపడడానికి ఏముంది?

మైకు ఒక్కటే కాదు. రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఉంది. ఆటో స్టార్టర్ పెట్టిన బోరు మోటారు ఏ వేళలోనైనా గుయ్యిమని మొదలవుతుంది. తీతువు పిట్ట అరుస్తుంది. అది అరిస్తే కీడని నమ్మే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లను తీసిపారేయడం నా వల్ల కాదు. నెమలి కూత కూడా చీకట్లో మనిషి ఏడుపులాగే ఉంటుంది. దీనికితోడు అరవై దాటిన వరంగల్ వాళ్లకు ములుగు అడవి అంటే పాత జ్ఞాపకాలు వేరే ఉన్నాయి. అన్నల (నక్సలైట్ల) కాలంలో చీకటి పడ్డాక ఈ దారిన ఎవరూ బండి తీసేవారు కాదు. కొడుకు ముచ్చటపడి గది బుక్ చేస్తాడు, రాత్రి మేలుకొని ఉండేది తండ్రి.

నైట్ వాక్ ఆపించడం

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మైకు గురించి వాకబు చేస్తుంటే బయటపడింది. గెస్టులకు కాలక్షేపంగా ఉంటుందని ఓనర్ "నైట్ వాక్" ఒకటి పెట్టాడు. ఒక కుర్రాడు టార్చిలైటు పట్టుకుని నలుగురైదుగురిని పొలం గట్ల మీద చెరువు దాకా నడిపిస్తాడు. ఫొటోలు బాగా వస్తాయి. కానీ ఇవే గట్ల వెంబడి పందుల కోసం కొందరు కరెంటు తీగలు పెడతారు. లైను నుంచి నేరుగా లాగిన కరెంటు అది, తగిలితే పంది అయినా మనిషి అయినా ఒకటే. అది చట్టరీత్యా నేరమని అందరికీ తెలుసు. ఉత్తర తెలంగాణలో ఏటా వినే చావులే ఇవి. తన చేనుకు తానే పెట్టుకున్న తీగ మరిచిపోయి పోయిన రైతులూ ఉన్నారు. ఈ రిసార్ట్ చుట్టుపక్కల తీగలు ఎవరైనా పెడుతున్నారా అని ఊళ్లో అడిగితే ఒకాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చాలు నాకు.

నైట్ వాక్ ఆ రోజే ఆపించాను. ఓనర్ కాసేపు గునిశాడు. చీకటి పడ్డాక ప్రహరీ దాటి గెస్టు అడుగు బయటపెట్టకూడదన్నది ఇప్పుడు అక్కడ నియమం. ఎందుకో కూడా దాచకుండా చెప్తారు. అడవి అందాలు చూపిస్తామంటూ ఈ ప్రాంతంలో నైట్ వాకులు పెడుతున్న మిగతావాళ్లు ఈ ఒక్క పేరా చదివినా నాకు చాలు.

మక్క రైతుతో మాట్లాడిన తీరు

మైకు తీయించేద్దామని, దానికి నెలకింత అని ఇచ్చేద్దామని ఓనర్ అన్నాడు. నేను వద్దన్నాను. డబ్బు తీసుకుని మైకు తీసేసిన మర్నాడు పందులు పడితే ఆ నష్టం ఎవరిది? ఊరితో తగాదా పెట్టుకున్న రిసార్ట్‌ను ఎవరూ నిలబెట్టలేరు.

ముగ్గురం చేను దగ్గరికి పోయాం. ఓనర్ ఆ రైతును "మామా" అని పిలుస్తాడు. నిజం చుట్టరికమేం లేదు, ఊరి వరస. విషయం చెప్పగానే మామ ఒక్క మాటన్నాడు: "మీ గెస్టులకు ఒక్క రాత్రి నిద్ర పోతే మల్ల రాత్రి పంటరు. నా మక్క ఒక్క రాత్రిల పోతే మల్ల రాదు." దానికి మా దగ్గర జవాబు లేదు.

తేలింది ఏమిటంటే, మైకు రిసార్ట్ గోడ పక్కన ఉండడానికి కారణం అక్కడ కట్టడానికి ఒక కర్ర దొరకడమే. పందులు వచ్చేది అవతల వాగు దిక్కు నుంచి. మైకును వాగు వైపు గట్టుకు మార్చి మూతి అటు తిప్పితే మామకూ మేలే. ఓనర్ ఒక మంచి కర్ర పాతించి ఇచ్చాడు. మళ్లీ పంటకు ఆ చేనుకు, పక్క చేనుకు సోలార్ ఫెన్సింగ్ వేయించారు, ఖర్చులో సగం ఓనర్ పెట్టుకున్నాడు. సోలార్ ఫెన్సింగ్‌లో కరెంటు ఆగి ఆగి, క్షణంలో వెయ్యో వంతు సేపు వచ్చి పోతుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, ప్రాణం పోదు. మైకు చప్పుడు తగ్గింది. నాకు అంతకంటే పెద్ద ఊరట ఏమిటంటే, ఆ రెండు చేల గట్ల మీద దొంగ తీగలు పెట్టాల్సిన అవసరం పోయింది.

మిర్చి వైపు సంగతి కూడా ఆ కూర్చోవడంలోనే తేలింది. పొద్దున్నే మందు కొడితే ఆ వాసన నేరుగా టిఫిన్ హాల్లోకి వచ్చేది. మందు కొట్టే రోజు ముందటి సాయంత్రమే రిసార్ట్‌కు ఒక ఫోన్ చేస్తున్నారు ఇప్పుడు. ఆ పూట టిఫిన్ చెరువు వైపు వరండాలో పెడతారు.

చెప్పడం ఎప్పుడు, ఎవరు

రాత్రి వినపడేవాటి గురించి చెకిన్ కౌంటర్‌లో చెప్పించి చూశాం. ఎవరూ వినలేదు. ఐదు గంటలు కారులో కూర్చుని వచ్చినవాళ్లకు బాత్రూమ్, చాయ్ తప్ప ఏదీ చెవికెక్కదు. అందుకని ఆ పని ఏడింటికి మార్చి, సెక్యూరిటీ అన్నకే అప్పగించాం. దీపాలు పెట్టే వేళకు ఆయన ఒక ఫ్లాస్కులో వేణ్నీళ్లు, దోమల కాయిల్ పట్టుకుని కాటేజీ కాటేజీకీ వెళ్తాడు. ఆయన చెప్పేది రెండు నిమిషాల మాట: "రాత్రి ఎవరో ఒర్రినట్టు ఇనొస్తది మేడమ్, అది పందుల మైకు. గుయ్యిమంటే మోటరు. పిల్ల ఏడిసినట్టు ఉంటే నెమలి. ఇవి గాకుండ ఇంకేం ఇనొచ్చినా నాకు ఫోన్ కొట్టుండ్రి, నేను మెలకువతోనే ఉంట." పిల్లలైతే మైకు వినడానికి మేలుకొని కూర్చుంటున్నారు. ఒక ఇంట్లో పిల్లవాడు పొద్దున లేచి మైకు మోగలేదని గొడవ చేశాడట.

ఇదే మాటను అచ్చు వేసి గదిలో పెట్టొచ్చు, పెట్టాం కూడా. కానీ కాగితం అర్ధరాత్రి ఫోన్ ఎత్తదు కదా. ఏడింటికి ముఖం చూసిన మనిషే రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తుతాడని తెలిస్తే ఆ ధీమా వేరు. ఊరికి దూరంగా ఉన్న హోటల్‌లో రాత్రి స్టాఫ్‌ను తగ్గించుకోవచ్చని చాలామంది ఓనర్ల లెక్క. గెస్టులు పడుకుంటారు, పనేముంటుంది అని. నా లెక్కలో అలాంటి చోట పగటి మనిషిని ఒకణ్ని తగ్గించైనా సరే రాత్రి ఇద్దరుండాలి. ఇక్కడ ఇప్పుడు ఇద్దరున్నారు, సెక్యూరిటీ అన్న జీతమూ పెరిగింది.

లైట్లు, పాములు, ఆస్పత్రి

ప్రహరీ నాలుగు మూలలా పెద్ద ఫ్లడ్‌లైట్లు ఉండేవి. భద్రత కోసమని పెట్టారు. అంత వెలుగులోంచి చూస్తే గోడ అవతల చీకటి ఇంకా చిక్కగా కనిపిస్తుంది. తొలకరి పడగానే ఉసిళ్లు గుంపులుగా వచ్చి పడతాయి, వాటికోసం కప్పలు వస్తాయి, కప్పల కోసం వచ్చేవాటి పేరు రాత్రిపూట చెప్పుకోరు. ఫ్లడ్‌లైట్లు తీసేసి, దారుల వెంట మోకాలెత్తున చిన్న పసుపు లైట్లు పెట్టించాం. పసుపు వెలుగుకు పురుగు తక్కువ చేరుతుంది. పైన చుక్కలు కూడా కనపడడం మొదలైంది. కాటేజీ గోడలకు ఆనించి అందం కోసం పేర్చిన కట్టెల దొంతరలు కూడా తీయించాను.

నేల మీద పరుపులు వేసి పడుకునే "పల్లె అనుభవం" గది ఒకటి ఉండేది. దాన్ని మంచాల గదిగా మార్పించాను. కట్లపాము నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. పొద్దున కడుపునొప్పి అనో, కనురెప్పలు వాలిపోతున్నాయనో లేచేసరికి విలువైన గంటలు గడిచిపోయి ఉంటాయి. స్టాఫ్‌కు నేర్పింది నాలుగు మాటలే: కోయొద్దు, తాడు కట్టొద్దు, నడిపించొద్దు, 108కు ఫోన్ చేసి ముందు ములుగు ప్రభుత్వ ఆస్పత్రికి, అక్కడివాళ్లు పంపితే వరంగల్ ఎంజీఎంకు. మన దగ్గర దొరికే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేస్తుంది. పామును చంపి పట్టుకెళ్లాల్సిన పని లేదు. మంత్రం వేయించేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇది విడిగా చెప్పాల్సి వచ్చింది.

వాన

2023 జులై చివర్లో, రామప్ప ఉన్న ఇదే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పటిదాకా రాష్ట్రంలో అంత వాన ఎక్కడా నమోదు కాలేదు. ఆ వానకు రిసార్ట్ గదుల్లోకి నీళ్లు రాలేదు కానీ దారిలోని లో లెవల్ వంతెన మునిగింది. అప్పుడు గెస్టులు ఉన్నారా అంటే, ఉన్నారు. అన్నం, జనరేటర్‌కు డీజిల్ సరిపోయాయి కాబట్టి బయటపడ్డారు.

ఇప్పుడు వంతెన పక్కన అడుగుల గుర్తులతో ఒక స్తంభం ఉంది. ఎర్ర గీత దాటి నీళ్లుంటే వచ్చే బండి జంగాలపల్లి దగ్గరే ఆగాలి, లోపలున్న బండి లోపలే ఉండాలి. ఆ రోజు రాలేకపోయినవాళ్లకు పూర్తి డబ్బు వాపస్. లోపల చిక్కుకున్నవాళ్ల దగ్గర అదనపు రాత్రికి గది అద్దె తీసుకోరు. ఈ రెండో నియమానికి ఓనర్‌ను ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. డబ్బు పోతుందన్న తొందరలో వాగులోకి కారు దించే తండ్రుల్ని నేను చూశాను, అందుకే పట్టుబట్టాను.

తిండి, నీళ్లు, నెట్‌వర్క్

మెనూ కార్డు నాలుగు పేజీలుండేది. పన్నీర్ బటర్ మసాలా, మంచూరియా లాంటివన్నీ. పన్నీర్ హనుమకొండ నుంచి రావాలి. కార్డును ఒక పేజీకి కుదించాం. జొన్నరొట్టె, నాటుకోడి, బగారన్నం, పచ్చిపులుసు, చెరువు చేప, సాయంత్రానికి సర్వపిండి. నాటుకోడి మధ్యాహ్నం పన్నెండులోపు చెప్తేనే రాత్రికి. పిల్లల కోసం మ్యాగీ, పెరుగన్నం రాత్రి పదకొండు దాకా. మ్యాగీ పెట్టడం ఓనర్‌కు నచ్చలేదు, పల్లె వాతావరణం చెడుతుందట. ఆకలేసిన పిల్లవాడు ఏడిస్తే ఆ వాతావరణం ఏమాత్రం మిగులుతుందో ఆయనే చూడాలి. ఎడ్లబండి ఎక్కించి తలపాగా చుట్టే కార్యక్రమం ఇంకా నడుస్తోంది. నాకు ఇష్టం లేదు, గెస్టులకు ఇష్టం.

బోరు నీళ్లు ఉప్పన. తాగడానికి, చాయ్‌కి ఆర్‌వో నీళ్లు పెట్టించి, తలకు సబ్బు నురగ రాదని స్నానాల గదిలో ముందే రాసిపెట్టాం.

నెట్‌వర్క్ సంగతి కొలిక్కి రాలేదు. ఫోన్ సిగ్నల్ చెరువు కట్ట మీదే. ఊరి దాకా వచ్చిన ఫైబర్‌ను స్తంభాల మీద లాగితే కోతులు వేలాడి తెంపుతున్నాయి. వైఫై ఉన్నప్పుడు ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే మాట్లాడొచ్చని చెప్తున్నారు. యూపీఐ పని చేయక చెకౌట్ దగ్గర గొడవలయ్యేవి కాబట్టి డబ్బంతా ముందే తీసుకుంటున్నారు. లాప్‌టాప్ పట్టుకుని పని చేసుకుంటూ ఉందామని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఒక్క రోజుకే వెళ్లిపోతున్నారు. వాళ్లకు బుకింగ్ అప్పుడే వద్దని చెప్పమన్నాను.

డబ్బు లెక్క, పూల్

మక్క మళ్లీ కంకి వేసే సీజను వచ్చింది. ఆ వైపు గదుల్లో రెండో రాత్రి ఖాళీలు ముందటేడులా లేవు. నోటుబుక్కులో రాతలూ మారాయి. ఎక్కువగా వేణ్నీళ్లు, దోమల కాయిల్స్, ఒకచోట "పాప మైకు ఎప్పుడొస్తది అని అడిగింది". మైకు జరపడం, సోలార్ ఫెన్సింగ్, లైట్లు, ఏడింటి మాట అన్నీ కలిసే జరిగాయి కాబట్టి దేనికెంత అని విడదీయడం కుదరదు. నన్నడిగితే ఏడింటి మాటకే ఎక్కువ మార్కులు వేస్తాను.

గదులు నిండడంతో ఓనర్‌కు రేటు మీద ఆశ పుట్టింది. వీకెండు 8,000 చేద్దామన్నాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అయితే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పోయింది. దుప్పట్ల మీద, సబ్బుల మీద, రిపేర్ల మీద కట్టిన పన్ను ఇక తిరిగి రాదు. 7,500 దాటితే ఎప్పట్లాగే 18 శాతం, క్రెడిట్‌తో. గది 7,500 అయితే గెస్టు కట్టేది 7,875. 8,000 చేస్తే 9,440. గెస్టు జేబులోంచి 1,565 అదనంగా పోతే ఓనర్ గల్లాలోకి వచ్చేది 500. పదకొండు కాటేజీల రిసార్ట్‌కు తిరిగొచ్చే క్రెడిట్ ఆ తేడాను పూడ్చేంత ఉండదు. కాగితం మీద వేసి చూపించాక 7,000 దగ్గర ఆగాడు.

2026 జనవరి చివర్లో జరిగిన మేడారం జాతరకు గదులు విహారానికి వచ్చేవాళ్లకు ఇవ్వొద్దని చెప్పాను. ఆ నాలుగు రోజులూ హైవే జనసముద్రం, ఏకాంతం కోసం వచ్చినవాళ్లు ట్రాఫిక్‌లోనే సగం సెలవు గడుపుతారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చే కుటుంబాలకే ఇచ్చారు. వాళ్లకు కావాల్సింది స్నానానికి వేణ్నీళ్లు, బండి పెట్టుకోవడానికి చోటు, తెల్లవారుజామున చాయ్. మైకు గురించి అడిగినవాళ్లే లేరు.

పూల్ మాత్రం ఆయన మనసులోంచి పోలేదు. పూల్ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో, ఏప్రిల్‌లో బోరు ఎంత సేపు పోస్తుందో కొలిచాక మాట్లాడదామన్నాను. అంతకంటే ముందు, బోరుకు ఎగువన ఉన్న సెప్టిక్ ట్యాంకు సోక్‌పిట్‌ను (మురుగునీళ్లు ఇంకే గుంతను) దిగువకు మార్చమన్నాను. సోక్‌పిట్ పని మొదలైంది. పూల్‌కు కొటేషన్లు కూడా వచ్చాయట, నిన్న వాట్సాప్‌లో పంపాడు.